చేను ఏడ్చిన చోట

కమ్మరి తెచ్చి పడేసిన ఎండు సజ్జ దంట్ల మోపు పొద్దున్నుంచీ గుమ్మం ముందే ఉంది. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అత్తగారు, తీస్తే ఎవరేమంటారోనని పెద్దకోడలు, ఇద్దరూ దాన్ని దాటుకుంటూనే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు.

వాకిట్లో కమ్మరి కాక ఇంకో నలుగురు రైతులు కూర్చున్నారు. పోట్లాటకు రాలేదు. పోట్లాడేంత ఓపిక ఎవరి ముఖంలోనూ లేదు. విత్తే వేళకు ఈ ఇంటి నుంచే సజ్జలు కొలిపించుకుపోయినవాళ్ళు వాళ్ళంతా. వాన ముఖం చాటేసిన నెలన్నరలో అందరి చేలూ ఒక్కలాగే మాడిపోయాయి. ఈ ఇంటి చేనూ మాడిపోయింది. వాళ్ళకు అదే ఊరట, అదే అనుమానం.

తీరా అంతా అయిపోయాక నిన్న సాయంత్రం వాన పడింది. పిలిచినప్పుడు రాని చుట్టం వంటలు చల్లారాక వచ్చినట్టు. నేల మంచి పదును మీద ఉంది. ఇప్పుడు విత్తితే చలి ముదిరేలోగా నాలుగు కంకులు కళ్ళచూడవచ్చు. ఎండ ఇలాగే కాస్తే ఎల్లుండికి ఆ పదునూ ఉండదు. దున్నడానికి ఎద్దులున్నాయి, విత్తడానికి మనుషులున్నారు. లేనిదల్లా విత్తనం మీద నమ్మకం.

కమ్మరి గొంతు సవరించుకున్నాడు. కొలిమి ముందు కూర్చుని కూర్చుని అతనికి మాట పొదుపు.

"అమ్మా, మేం తగువుకి రాలేదు. మా నాన్న కాలం నుంచీ మీ విత్తనమే వేస్తున్నాం. ఇంతకన్నా గడ్డు ఏళ్ళు చూశాం. ఎంత ఎండినా మీ సజ్జ ముడుచుకుని కూర్చునేది, చినుకు పడగానే పక్కపిలక వేసి లేచేది. ఈసారి ముడుచుకోవడం కూడా రాలేదు దానికి. నిలబడ్డది నిలబడ్డట్టే చచ్చింది. లోపం మా చేతిదా, విత్తనానిదా, అది చెప్పండి చాలు. మళ్ళీ అదే వేసి మళ్ళీ చావలేం."

అత్తగారిని చుట్టుపక్కల అందరూ విత్తనాలమ్మ అంటారు. ఆ పేరు వినబడితే ఆవిడ వెన్ను తనంతట తానే నిటారు అవుతుంది. ఇవాళ ఎవరూ ఆ పేరు అనలేదు. ఆవిడ స్తంభానికి ఆనుకుని, పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతుల్ని ఎంతసేపని తుడుస్తుంది.

"రెండేళ్ళ నుంచి విత్తనానికి కంకి ఎంచుతున్నది నేను కాదు" అంది చివరికి.

అంతే అంది. పేరు పెట్టలేదు, వేలెత్తి చూపలేదు. అయినా వాకిట్లో ఉన్న తలలన్నీ ఒక్కసారే వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ మంచినీళ్ళ బిందెతో నిలబడి ఉన్న పెద్దకోడలికి ఆ బిందె ఎక్కడ దించాలో తెలియలేదు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఈ సామెత పుట్టించినది ఎవరో గానీ కచ్చితంగా కోడలే అయి ఉంటుంది.

ఆ రెండేళ్ళ కిందటి రోజు పెద్దకోడలికి బాగా గుర్తు. నూర్పిళ్ళు అయిన వారం, ఇదే వాకిట్లో, ఇదే కమ్మరి ముందు, అత్తగారు పీలికల మూట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. విత్తనానికి ఉంచదలచిన మొక్కకు గుర్తుగా కట్టే గుడ్డపీలికలు అవి. ఆ మూట ఆ ఇంట్లో తాళంచెవుల కన్నా పెద్దది. "ఇక నీ చేతి మీదుగా కానీయమ్మా" అంది అత్తగారు. అమ్మా అని పిలవడం అదే మొదలు, మళ్ళీ ఇవాళ్టిదాకా పిలవలేదు. ఆ పూట పెద్దకోడలు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుని ఏడ్చింది, సంతోషంతో. పాత పీలికలు నలిగిపోయాయని, కట్టుకోవడానికి దాచుకున్న ఎర్రచీర చించి కొత్తవి చేసింది.

బరువైన కంకి, గట్టి గింజ. అత్తగారు నేర్పింది ఆ రెండు ముక్కలే. వాగు పక్క పల్లపు చేనంతా తిరిగి, కంకి కంకినీ అరచేతిలో తూచి చూసి, ఎర్ర పీలిక కట్టింది. అంత శ్రద్ధగా ఆవిడ తన పెళ్ళి చీర కూడా ఎంచుకోలేదు.

ఇప్పుడు వంటింట్లో అసలు గొడవ మొదలైంది. పైకి వినబడకుండా పోట్లాడడంలో ఆ ఇంటివాళ్ళది అందెవేసిన చెయ్యి.

మరిది పంపు మోటార్లు బాగుచేస్తాడు. నేల సంగతి అతనికి తెలియదు, తెలియదని మాత్రం తెలియదు. ఈ పాత సజ్జల పీడ ఇంతటితో వదిలించుకుని దుకాణంలో ప్యాకెట్లు తెద్దామన్నాడు. కంకులు మూరెడు పొడుగుంటాయట, ప్యాకెట్ మీద బొమ్మే ఉందట.

"నీళ్ళు కూడా ప్యాకెట్లో ఇస్తారేమో కనుక్కో" అన్నాడు పెద్దవాడు, పెద్దకోడలి భర్త. పొద్దున్నుంచీ అతను మాట్లాడిన మొదటి మాట అదే.

తమ్ముడికి కోపం వచ్చింది. వదిన చేతి చలువ చూశాం కదా, ఇంక చాలన్నాడు. వాకిట్లో వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపకపోతే పరువు దక్కదన్నాడు. వదిన వల్ల పొరపాటు జరిగిందని ఒక్కమాట అనేస్తే పోయేదేముంది, ఆడవాళ్ళ పొరపాటు ఎవరూ మనసులో పెట్టుకోరు అని కూడా అన్నాడు. అని, తను చెప్పిన సలహా తనకే నచ్చి, రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుని బయటికి వెళ్ళాడు.

భార్యాభర్తలు ఇద్దరే మిగిలారు. పొయ్యి మీద గంజి పొంగి పక్కలకు కారుతోంది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ దించలేదు.

"నువ్వు సరిగ్గానే ఎంచావా?" అని అడిగాడు.

మెల్లిగానే అడిగాడు. అదే ఆవిడకు కష్టమనిపించింది. గట్టిగా అరిచి ఉంటే తనూ అరిచేది.

"అత్తయ్య చెప్పినట్టే ఎంచాను. ఒక్క కంకి కూడా తేలికది కొయ్యలేదు."

"అయితే మా అమ్మ అబద్ధం ఆడుతోందంటావా?"

"నేనేమీ అనడం లేదు."

"అదే మరి. నువ్వేమీ అనవు" అని గంజి గిన్నె దించి, చేతులు కాలితే ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడకు ఒక్కసారిగా ఆ ఇంట్లో నిలబడడానికి చోటు లేనట్టయింది. తిన్నగా గుమ్మంలోకి వెళ్ళి, అందరూ చూస్తుండగానే ఆ దంట్ల మోపు నెత్తికెత్తుకుంది. తప్పు ఒప్పుకున్నట్టయితే అయింది, ఎవరో ఒకరు తీయాలిగా. పశువుల కొట్టం దాటింది. అక్కడ పడేసి వెనక్కి రావాలి. పడేసింది గానీ వెనక్కి రాలేదు. కాళ్ళు తీసుకెళ్ళినట్టు చేను దాటి, దాని చివర ఉన్న గుట్ట ఎక్కింది. ఆ పక్కకు తను ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళే పని లేదు. గుట్ట వెనకంతా రాళ్ళని, మేకలు కూడా మేయవని ఇంట్లో అనుకునేవాళ్ళు.

గుట్ట మీద నిలబడి ఆవిడ కళ్ళు నులుముకుంది.

కింద రాళ్ళ మధ్య సజ్జచేను ఉంది. ఒత్తుగా లేదు, ఎత్తుగా లేదు. కింది ఆకులు సగం ఎండి వేలాడుతున్నాయి. కానీ ప్రతి మొక్క మొదట్లోంచీ నిన్నటి వానకు పచ్చబడ్డ పిలక తొంగిచూస్తోంది. ముందే పడ్డ కంకులు చిటికెన వేలంతే ఉన్నా నిండుగా ఉన్నాయి. అక్కడక్కడా కొన్ని మొక్కలకు వెలిసిపోయిన నీలం పీలికలు, పాత మగచొక్కా గుడ్డవి, కట్టి ఉన్నాయి.

చేలో ఒక ముసలావిడ వంగి కలుపు తీస్తోంది. చిన్నత్త. అత్తగారి తోడికోడలు. ఇంటి మధ్య గోడ లేచాక అటు పక్క ఒంటరిగా ఉంటున్న మనిషి. గోడ లేచింది పెద్దకోడలు కాపురానికి రాకముందే. ఇన్నేళ్ళలో ఆవిడ గురించి తెలిసిందల్లా గోడ అవతలి నుంచి వినబడే రోకటి చప్పుడు, అప్పుడప్పుడూ దగ్గు.

"మీ ఇంట్లోవాళ్ళకి ఇటు దారి లేదే. తప్పిపోయావా?" అంది చిన్నత్త తలెత్తకుండానే.

పెద్దకోడలు గుట్ట దిగింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, "ఇదేం విత్తనం చిన్నత్తయ్యా?" అని అడిగింది.

"మీ ఇంట్లో ఉన్నదే. పంపకాలప్పుడు నాకూ ఒక కుండెడు ఇచ్చారు. విత్తనంలో తేడా చెయ్యలేదులే, నేలలోనే చేశారు. వాగు పక్క చెక్క మీ అత్తకి, అప్పట్లో ఇంటికి పెద్దకోడలు తనే గనక. రాళ్ళు నాకు. మొగుడు పోయినదానికి ఎక్కువ నేల ఎందుకని అప్పుడు అందరూ అన్నారు. ఎక్కువే ఇచ్చారు నిజానికి, రాళ్ళతో కలిపి కొలిస్తే."

నవ్వింది. పళ్ళు రెండు లేవు. నవ్వులో కోపం కూడా లేదు, ఎప్పుడో అరిగిపోయింది.

మరి ఒకే విత్తనమైతే అక్కడ మాడి ఇక్కడ ఎలా నిలిచిందని పెద్దకోడలు అడిగింది. తను ఎలా ఎంచిందో చెప్పింది. బరువైన కంకి, గట్టి గింజ.  చిన్నత్త కలుపు తీయడం ఆపి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"సగమే చెప్పింది" అంది.

"ఏం సగం?"

"మా అత్తగారు మా ఇద్దరికీ చెప్పింది ఇది కాదు. చేను ఏడ్చిన చోట నవ్విన కంకిని కొయ్యమంది. తడి ఉన్న చోట అన్ని కంకులూ బరువుగానే ఉంటాయి, అందులో గొప్పేముంది. అందుకే ఆవిడ విత్తనానికి ఎప్పుడూ ఈ రాళ్ళలోకే వచ్చేది. కింద ఎంత పండినా సరే, విత్తనం మాత్రం ఇక్కడిదే. పంపకాల్లో మంచి నేల మీ అత్త తీసుకుంది. చేను ఏడ్చే చోటు నాకు వచ్చేసింది. ఇక విత్తనం ఎక్కడ ఎంచుతుంది? పదేళ్ళు ఆ పల్లంలోనే ఎంచితే దానికి దాహం ఓర్చుకోవడం మరుపొచ్చింది."

పెద్దకోడలు ఒక రాయి మీద కూర్చుంది. తన తప్పు కాదని తెలిశాక గుండె తేలికపడాలి. పడలేదు.

"అత్తయ్యకి తెలియదా ఇది?"

చిన్నత్త ఒక కంకి తుంచి, నలిపి, పొట్టు ఊది, గింజలు ఆవిడ చేతిలో పోసింది.

"తెలియకేం. వచ్చింది ఒకసారి. గోడ లేచాక నా గడప దగ్గరికి రావడం అదొక్కసారే. విత్తనం మెత్తబడిపోయింది, గుట్ట వెనక కంకులు కాసిని ఇవ్వు, మళ్ళీ కలుపుకుంటాను అంది. ఆ మాట కోసం ఎన్నేళ్ళు కాచుకుని కూర్చున్నానో. తీరా వచ్చాక తలుపు తీయబుద్ధి కాలేదు. లోపల కూర్చుని విన్నాను, అంతే. నాదీ తప్పే. ఆ రోజు ఇచ్చి ఉంటే మీ చేలు ఇలా అయ్యేవి కావు."

"ఎప్పుడు వచ్చింది?"

"రెండేళ్ళయింది. కోతలప్పుడు."

పెద్దకోడలి చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. కోతలప్పుడు అత్తగారు చిన్నత్త గడపకు వెళ్ళింది. నూర్పిళ్ళు అయిన వారం పీలికల మూట తన చేతిలో పెట్టింది. ఆ మధ్యలో ఉన్నది మూసిన తలుపు ఒక్కటే. ఆ ఇంట్లో తనకు దక్కిన ఒకే ఒక్క మర్యాద, ఎర్రచీర చించుకున్న మర్యాద, రేపో ఎల్లుండో పగలబోయే కుండని తన చేతికి అందించడం. ఏడుపు రాలేదు. చాలా అలసటగా అనిపించింది, పగలంతా ఎండలో నడిచి వచ్చి మళ్ళీ బయలుదేరమన్నట్టు.

వాకిట్లో రైతులు కూర్చున్న సంగతి, పదును ఆరిపోతున్న సంగతి చెప్పింది. తన కోసం ఏమీ అడగలేదు. నిరుటి విత్తనం ఒక బస్తా ఇంట్లో ఉందంది చిన్నత్త. సజ్జకు ఎంత కావాలి గనక, ఎకరానికి నాలుగు దోసిళ్ళు పోస్తే ఎక్కువ. బస్తా అందరికీ వస్తుంది.

"తీసుకుపో. ఈసారి తలుపు వెయ్యను. కానీ ఒక్క మాట. ఇది ఏ నేల విత్తనమో, ఎవరు ఎంచారో వాకిట్లో అందరి ముందూ చెప్పాకే కొలవాలి."

"అత్తయ్య తల ఎక్కడ పెట్టుకుంటుంది?"

"ఇవాళ పొద్దున్న నువ్వెక్కడ పెట్టుకున్నావు?"

పెద్దకోడలు చెబుతానని మాటిచ్చింది. చిన్నత్త ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గోడ ఇటు పక్క నుంచి కూడా అలాగే ఉంది, అదే సున్నం, అవే పగుళ్ళు.

ఆవిడ బస్తా నెత్తిన పెట్టుకుని వీధి చుట్టి వాకిట్లోకి వచ్చేసరికి రైతులు లేచి వెళ్ళబోతున్నారు. మరిది వాళ్ళకు ప్యాకెట్ల మీది బొమ్మ సంగతి చెబుతున్నాడు. బస్తా చూసి అందరూ ఆగారు. పెద్దవాడు ఎదురొచ్చి దించి, ముడి విప్పాడు. ఏమిటని కళ్ళతోనే అడిగాడు.

చెప్పాలి. వీధి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. నోరు తెరిచేలోగా అత్తగారు స్తంభం దగ్గర నుంచి లేచి వచ్చింది.

బస్తాలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి అరచేతిలో దొర్లించింది. ఒక గింజ పంటి కింద వేసుకుంది. టక్కుమంది. ఆ చప్పుడుకి ఆవిడ ముఖంలో పదేళ్ళు వచ్చాయి, పోయాయి. ఈ గింజ ఎక్కడిదో ఎవరూ చెప్పనక్కర లేకుండా ఆ వాకిట్లో తెలిసినది ఆవిడకు ఒక్కర్తికే. కోడలి ముఖంలోకి చూసింది. చూడగానే కోడలికి అంతా తెలిసిపోయిందని కూడా తెలుసుకుంది.

పెద్దకోడలికి ఆ క్షణంలో ఆవిడ మీద జాలి వేసింది. చెప్పేస్తుంది, తనే చెప్పేస్తుంది అనుకుంది. నేను నోరు విప్పే అవసరం ఉండదు అనుకుంది.

"ఇది పాత విత్తనం" అంది అత్తగారు కమ్మరితో. "అసలైనది. ఎప్పటికైనా పనికొస్తుందని నేనే విడిగా దాచి ఉంచాను. కోడలు కష్టపడి ఎంచినదాన్ని కాదని ఇది బయటికి తీస్తే బాధపడుతుందని ఊరుకున్నాను. ఇంక తప్పలేదు, తీసుకురమ్మన్నాను."

వాకిలి ఊపిరి పీల్చుకుంది. ఎంతైనా విత్తనాలమ్మ అన్నాడు ఒక రైతు. పొద్దున్నుంచీ రాని ఆ పేరు ఇప్పుడు నలుగురి నోటా వచ్చింది. కమ్మరి బస్తా దగ్గర కూర్చుని గింజలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. పర్వాలేదమ్మా, చిన్నతనం, నేర్చుకుంటావులే అని పెద్దకోడలిని ఓదార్చాడు కూడా. మంచివాడు పాపం.

గోడ అవతల అప్పటిదాకా వినబడుతున్న రోకటి చప్పుడు ఆగిపోయింది.

పెద్దవాడు లోపలి నుంచి కుంచం తెచ్చాడు. రైతులు కండువాలు పరిచారు. కుంచం బస్తాలోకి దిగబోయేసరికి పెద్దకోడలు ముందుకు వంగి, బస్తా మూతికి అడ్డంగా రెండు చేతులూ పెట్టింది.

ఎవరూ కదల్లేదు. మరిది ఏదో అనబోయి అన్న ముఖం చూసి ఆగాడు. పెద్దవాడు కుంచం అలాగే పట్టుకుని తల్లి వైపొకసారి, భార్య వైపొకసారి చూశాడు. ఎండ వాకిట్లోకి జరిగి వచ్చింది. చేలలో పదును ఆరిపోతోంది.

అత్తగారు దగ్గరకు వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. 

"తియ్యమ్మా చెయ్యి" అంది, ఎవరికీ వినబడనంత మెల్లిగా.

పెద్దకోడలు చెయ్యి తియ్యలేదు.